డొమైన్ కబ్జా: ముందు స్వాధీనం, తర్వాత తగవు

ఒక తప్పు ఒప్పుకుని ఈ వ్యాసం మొదలుపెడుతున్నాను.

మన పూర్వ విద్యార్థుల సంఘానికి ఒకప్పుడు సొంత వెబ్‌సైటు ఉండేదన్న సంగతి ఇప్పుడు చదువుకుంటున్నవారిలో చాలామందికి తెలియదు. బ్యాచీల వారీగా పేర్లు, పాత సావనీర్ల పుటలు, రిటైరైన మాస్టార్ల చిరునామాలు అందులో ఉండేవి. కొన్నేళ్ళ క్రితం సమ్మేళనానికి నెలరోజుల ముందు ఆహ్వానపత్రం పెడదామని తెరిస్తే, మన కాలేజీ గేటు ఫొటో ఉండవలసిన చోట ఏదో పేకాట ప్రకటన మెరుస్తోంది. "హైజాక్ చేసేశారు!" అని వాట్సాప్ గ్రూపులో ఒకరన్నారు. "ఎవరు?" అని ఇంకొకరన్నారు. అంతే. సాయంత్రానికల్లా రెండు వందల మెసేజీలు. దొంగ కూడా దొరికిపోయాడు. చాలా ఏళ్ళ క్రితం ఆ పేరును తన జేబులో డబ్బు పెట్టి, తన పేరు మీదే రిజిస్టరు చేయించిన సీనియర్ ఒకాయన ఉన్నాడు. అంతకుముందే జమాఖర్చుల విషయంలో కమిటీతో మాట పట్టింపు వచ్చి తప్పుకున్నాడు. ఇంకేం, ఆయనే అమ్మేసుకుని ఉంటాడని తీర్పు చెప్పేశాం. పోలీసు ఫిర్యాదు ముసాయిదా వ్రాసింది నేనే. తెలుగు బాగా వస్తుందని ఆ పని నాకప్పగించారు. ఆయన పేరు పక్కన "ద్రోహం" అన్న మాట కూడా వ్రాశాను.

రెండో రోజు రాత్రి ఆయన అమెరికా నుంచి ఫోన్ చేశాడు. "తమ్ముడూ, నేను దొంగనని నువ్వే వ్రాశావటగా!" అన్నాడు. కోపంగా కాదు. కోపంగా అని ఉంటే నాకు బాధ ఉండేది కాదు.

జరిగింది ఇది. పేరు గడువు అయిపోయింది. డబ్బు కట్టమని హెచ్చరికలు ఆయన ఎప్పుడో వదిలేసిన ఉద్యోగం తాలూకు మెయిలుకు వెళ్ళాయి. డాట్ కామ్ పేరు గడువు తీరిన వెంటనే గాలికి పోదు. సాధారణంగా 45 రోజుల వరకు మామూలుగానే డబ్బు కట్టుకోవచ్చు. ఆపైన మరో 30 రోజులు జరిమానాతో విడిపించుకోవచ్చు. చివరి 5 రోజులు అయ్యాక ఎవరు ముందు వస్తే వారిది. ఏడాదికొకసారి తప్ప ఎవరూ తొంగిచూడని సైటు కాబట్టి, ఆ రెండు నెలల చిల్లరలో మాలో ఒక్కడికీ తెలియలేదు. ఎవడో పేర్ల వ్యాపారి కొనుక్కున్నాడు. అక్కడ దొంగా లేడు, దొంగతనమూ లేదు. ఉన్నదల్లా మా అశ్రద్ధ, ఆపైన మా నోటి దురుసు.

ఆనాటి నుంచి ఈ విషయం గురించి దొరికిందల్లా చదువుతున్నాను. చదివినకొద్దీ ఒక అభిప్రాయం గట్టిపడింది. డొమైన్ కబ్జా అనుమానం వచ్చినప్పుడు లోకం చేస్తున్నదంతా తలకిందులుగా ఉంది. ముందు దొంగెవరో తేలుస్తారు, తర్వాత హక్కు ఎవరిదో తేలుస్తారు, అన్నిటికన్నా ఆఖరున పేరు వెనక్కి ఇస్తారు. నేననేది, ఈ వరసను తిరగవేయాలి. ముందు నిన్నటి స్థితికి తీసుకురండి. తర్వాత హక్కు తేల్చండి. దొంగ అన్న మాట ఆఖరున, రుజువు చేతికొచ్చాక అనండి.

పుస్తకంలో ఒక్క గీత

తెలియనివారి కోసం రెండు ముక్కలు చెప్పాలి. ఇంటర్నెట్‌లో ప్రతి యంత్రానికీ అంకెల చిరునామా ఉంటుంది. ఆ అంకెలు మనం గుర్తుపెట్టుకోలేం కనుక వాటికి పేర్లు పెట్టారు. ఏ పేరుకు ఏ అంకెలు అన్నది వ్రాసి ఉంచే పుస్తకాలున్నాయి. డాట్ కామ్ పుస్తకం వెరిసైన్ అనే అమెరికా కంపెనీ చేతిలో ఉంది. మన డాట్ ఇన్ పుస్తకం నిక్సీ అనే సంస్థ చేతిలో ఉంది. మనం నేరుగా ఆ పుస్తకం దగ్గరికి పోలేం. మధ్యలో రిజిస్ట్రార్లనే కౌంటర్లున్నాయి, ఆ కౌంటర్ల కింద మళ్ళీ ఏజెంట్లున్నారు. డాట్ కామ్ వంటి పేర్ల నియమాలు వ్రాసేది 1998లో పుట్టిన ఐకాన్ అనే సంస్థ. ఏ పేరైనా శాశ్వతంగా మనది కాదు. ఏడాదికింత అని కట్టే కౌలు లాంటిది. ఒకేసారి పదేళ్ళకు మించి కట్టనివ్వరు.

కబ్జాదారు మన వెబ్‌సైటు జోలికి రానక్కర్లేదు. ఆ పుస్తకంలో మన పేరు ఎదుట ఉన్న గీత మార్పిస్తే చాలు. మన మెయిలు దొంగిలించి, దాని ద్వారా రిజిస్ట్రార్ ఖాతాలో దూరి మార్పిస్తాడు. లేదా కౌంటరులో కూర్చున్నవాణ్ణి మాటలతో బుట్టలో వేసి మార్పిస్తాడు. లేదా దొంగ కాగితం పెట్టి మార్పిస్తాడు. గీత మారిన క్షణం నుంచి మనకు రావలసిన ఉత్తరాలన్నీ వాడికి చేరుతాయి. బ్యాంకు వాళ్ళు పంపే పాస్‌వర్డు కూడా అందులోనే ఉండవచ్చు. అందుకే ఈ వ్యవహారంలో గంటలకున్న విలువ సంవత్సరాలకు లేదు.

నాలుగు కథలు

మొదటి కథ పేరు అచ్చువేయడానికి మన సంపాదకులు మొహమాటపడతారేమో గానీ, న్యాయశాస్త్ర విద్యార్థులు చదివే కేసు గనుక చెప్పక తప్పదు: సెక్స్ డాట్ కామ్. 1994లో గ్యారీ క్రెమెన్ అనే ఆయన ఆ పేరు రిజిస్టరు చేయించాడు. 1995లో స్టీఫెన్ కోహెన్ అనే ఘనుడు, క్రెమెన్ కంపెనీ వ్రాసినట్టుగా ఒక దొంగ ఉత్తరం సృష్టించి నెట్‌వర్క్ సొల్యూషన్స్ అనే రిజిస్ట్రారుకు పంపాడు. మా కంపెనీకి ఇంటర్నెట్ లేదు, అందుకే కాగితం మీద వ్రాస్తున్నాం అని ఆ ఉత్తరంలో ఉంది! పేరేమో "ఆన్‌లైన్ క్లాసిఫైడ్స్". అయినా రిజిస్ట్రారు వారు అసలు యజమానిని ఒక్క మాట అడగకుండా పేరు మార్చేశారు. కోర్టు తిరిగి ఇప్పించేసరికి 2000 నవంబరు అయింది. 2001లో ఆరున్నర కోట్ల డాలర్ల డిక్రీ వచ్చింది. ఆ సొమ్ము చేతికి రాకుండా కోహెన్ మెక్సికో చెక్కేశాడు, 2005లో గాని దొరకలేదు. 2003లో అమెరికా అప్పీలు కోర్టు ఒక మంచి మాట తేల్చింది: డొమైన్ పేరు ఆస్తే, పరాయివాడి చేతికి దాన్ని అప్పనంగా ఇచ్చేసిన రిజిస్ట్రారు కూడా జవాబు చెప్పాలి. మంచిదే. కాని ఈలోపు ఐదేళ్ళ రాబడి దొంగవాడు తినేశాడు.

రెండోది పానిక్స్. న్యూయార్కులో 1989 నుంచి జనానికి ఇంటర్నెట్ ఇస్తున్న పాత సంస్థ. 2005 జనవరిలో ఒక శనివారం నాడు వాళ్ళ పేరు ఆస్ట్రేలియా రిజిస్ట్రారు చేతికి మారిపోయింది. చిరునామా గీత ఇంగ్లండుకూ, ఉత్తరాలు కెనడాకూ మళ్ళాయి. తమకు ముందుగా ఏ కబురూ రాలేదని పానిక్స్ వారన్నారు. ఫోన్లు చేస్తే ఏముంది, ఆస్ట్రేలియా ఆఫీసుకు శని ఆదివారాలు సెలవు! సోమవారం పొద్దున వాళ్ళు తాళం తీశాకనే పేరు వెనక్కి వచ్చింది. రెండు రోజులు వేలమంది ఉత్తరాలు ఎటు పోయాయో దేవుడికెరుక. ఇక్కడ హక్కు గురించి తగాదాయే లేదు, అది పానిక్స్ వారిదని అందరికీ తెలుసు. ఆ తెలిసిన విషయాన్ని అమలు చేయడానికి సెలవు రోజుల్లో ఒక్క మనిషి లేడు.

మూడోది పీటూపీ డాట్ కామ్. 2006లో న్యూజెర్సీ యువకుడొకడు యజమాని మెయిలులో దూరి ఆ పేరు కాజేశాడు. తర్వాత దాన్ని ఈబేలో లక్షా పదకొండు వేల డాలర్లకు ఒక బాస్కెట్‌బాల్ ఆటగాడికి అమ్మేశాడు. కొన్నవాడికి అది దొంగసొత్తని తెలియదు. దొంగను పట్టుకున్నది 2009లో, ఐదేళ్ళ జైలు పడింది 2011లో. పేరు మొదటిరోజే బిగించి ఉంటే ఆ ఆటగాడు మోసపోయేవాడు కాదు. ఆలస్యమైనకొద్దీ అమాయకులు కూడా తగాదాలోకి వచ్చిపడతారు.

నాలుగోది పెర్ల్ అనే కంప్యూటర్ భాష తాలూకు సైటు. 2021 జనవరి చివర అది చేతులు మారిందని గమనించారు. అప్పటికే పేరు ఒక రిజిస్ట్రారు నుంచి ఇంకొకరికి, అక్కడి నుంచి మరొకరికి దాటింది, లక్షా తొంభై వేల డాలర్లకు అమ్మకానికి కూడా పెట్టారు. అయితే ఆ రంగంలో వాళ్ళకు పలుకుబడి ఉంది, తెలిసినవాళ్ళున్నారు. అందువల్ల కొద్దిరోజుల్లోనే, ఫిబ్రవరి మొదట్లో పేరు తిరిగి వచ్చింది. పలుకుబడి లేని ఏ నూజివీడు మామిడికాయల వ్యాపారికో, ఏ పోచంపల్లి చేనేత సొసైటీకో ఇదే జరిగితే కొద్దిరోజుల్లో వస్తుందా? మీరే చెప్పండి.

ఉన్న మందులు

మందులు లేవని కాదు. 1999లో ఐకాన్ ఒక వివాద పరిష్కార విధానం తెచ్చింది, యు.డి.ఆర్.పి. అంటారు. మన డాట్ ఇన్ కోసం 2005లో దాదాపు అలాంటిదే ఇక్కడా వచ్చింది. కాని వాటిని తయారుచేసింది వేరే జబ్బుకు. ఒకరి వ్యాపారనామాన్ని పోలిన పేరు ఇంకొకడు రిజిస్టరు చేసుకుని కూర్చుంటే, అది దురుద్దేశమా కాదా అని తేల్చడానికి అవి పుట్టాయి. మన సుప్రీంకోర్టు 2004లో తేల్చిన కేసు అటువంటిదే. మన హైదరాబాదు సత్యం కంప్యూటర్స్ నుంచి పుట్టిన సత్యం ఇన్ఫోవే వారి సిఫీ పేరును పోలినట్టు "సిఫ్ఫీ" అని వేరొకరు పెట్టుకున్నారు. డొమైన్ పేర్ల కోసం ప్రత్యేక చట్టం లేకపోయినా, వ్యాపార చిహ్నాల న్యాయమే వీటికీ వర్తిస్తుందని కోర్టు చెప్పింది. మంచి తీర్పు. కాని అది పోలిక గురించిన తగాదా, దోపిడీ గురించినది కాదు.

యు.డి.ఆర్.పి.కి వెళ్ళాలంటే మొట్టమొదట మనకు వ్యాపార చిహ్నం హక్కు ఉండాలి. జెనీవాలోని సంస్థకు వెళ్తే ఒకే ఒక్క తీర్పరి ఉన్నా ఫీజు 1500 డాలర్లు. అవతలివాడికి జవాబివ్వడానికి 20 రోజులు గడువు. మొత్తం రెండు నెలలు సులువుగా పడుతుంది. దొంగతనం కేసులు వచ్చినప్పుడు కొందరు తీర్పరులు పేరు తిరిగి ఇప్పించారు, కొందరు ఇది మా పరిధి కాదు పొమ్మన్నారు. రిజిస్ట్రార్ల మధ్య మార్పిడి తగాదాలకు 2004లో ఇంకో విధానం వచ్చింది. అందులో ఫిర్యాదు చేయగలిగేది రిజిస్ట్రారే, సొత్తు పోగొట్టుకున్నవాడు కాదు! 2012లో అత్యవసరంగా పిలవడానికి ఒక ఫోన్ ఏర్పాటు తెచ్చి, నాలుగు గంటల్లో మనిషి జవాబు చెప్పాలన్నారు. అదీ రిజిస్ట్రారుకూ రిజిస్ట్రారుకూ మధ్యనే. పైగా జవాబు చెప్పాలన్నారు గాని, పేరు తిరిగి ఇవ్వాలనలేదు. ఇక మన దేశంలో సమాచార సాంకేతిక చట్టం 66సి ప్రకారం ఒకరి పాస్‌వర్డును మోసంతో వాడితే మూడేళ్ళ దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా వేయవచ్చు. అది దొంగకు శిక్ష. పోయిన పేరు దానంతట అది ఇంటికి రాదు.

పొలం తగాదా నేర్పిన పాఠం

ఈ చిక్కుకు జవాబు మన పొలాల్లోనే ఉందని నా నమ్మకం. భూమి తగాదాల్లో చట్టం ఏనాడో ఒక తెలివైన పని చేసింది. 1963 నాటి స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం 6వ సెక్షన్ చూడండి. నీ ఇష్టం లేకుండా, చట్టప్రకారం కాకుండా నిన్ను ఎవరైనా వెళ్ళగొడితే, ఆరు నెలల్లోగా దావా వేసి స్వాధీనం తిరిగి తెచ్చుకోవచ్చు. అసలు హక్కు నీదా కాదా అన్న ప్రశ్న అప్పుడు అడగరు. అవతలివాడికి నిజంగా హక్కుంటే వేరే దావా వేసుకోవచ్చు. ఊళ్ళో అందరికీ తెలిసిన పాత 145 సెక్షన్ కూడా అలాంటిదే. అది 2024 జూలై నుంచి కొత్త చట్టంలో 164 అయింది. రెండు నెలల లోపల బలవంతంగా వెళ్ళగొట్టబడినవాణ్ణి ఇంకా స్వాధీనంలో ఉన్నట్టే మేజిస్ట్రేటు భావించవచ్చు. ఇందులో నీతి ఒక్కటే: దౌర్జన్యం చేసినవాడికి ఆలస్యం లాభం కాకూడదు.

ఇదే సూత్రం డొమైన్ పేర్లకు ఎందుకు పెట్టకూడదు? ఏళ్ళ తరబడి ఒకరి చేతిలో నడుస్తున్న పేరు ఉన్నట్టుండి చేతులు మారింది, పాత యజమాని పాత రసీదులూ, గుర్తింపు పత్రాలూ పట్టుకుని కొద్దిరోజుల్లోనే వచ్చి మొత్తుకుంటున్నాడు. అప్పుడు రిజిస్ట్రారు రెండే పనులు చేయాలి. పేరును ఇంకెక్కడికీ కదలకుండా బిగించాలి. చిరునామా గీతను నిన్నటి స్థితికి మార్చాలి. ఇవి ఒక్క రోజులో, సెలవైనా కాకపోయినా జరగాలి. హక్కు సంగతి తర్వాత కోర్టు చూసుకుంటుంది.

దీనికి రిజిస్ట్రార్లు చెప్పే అభ్యంతరం తేలికైనది కాదు. "మేం న్యాయమూర్తులం కాము. ఫోన్ చేసి ఏడ్చినవాడికల్లా పేరు మార్చేస్తే, రేపు దొంగే ముందు ఫోన్ చేసి ఏడుస్తాడు" అంటారు. నిజమే. నోరున్నవాడి చేతిలో ఫిర్యాదు కూడా ఆయుధమే. పెద్ద కంపెనీలు చిన్నవాళ్ళ పేర్లు లాక్కోవడానికి వివాద విధానాన్నే వాడుకోవడం ఉంది. దానికి "తిరగబడ్డ హైజాక్" అనే అర్థంలో యు.డి.ఆర్.పి. నియమాల్లోనే ఒక పేరుంది. అమెరికాలో ఉజి నిస్సాన్ అనే ఆయన తన ఇంటిపేరుతో ఒక సైటు పెట్టుకుంటే, అదే పేరున్న కార్ల కంపెనీ 1999లో ఆయన మీద దావా వేసింది. పేరు చివరికి ఆయనకే దక్కింది. కాని ఏళ్ళ తరబడి కోర్టుల చుట్టూ తిరిగాడు.

అందుకే మూడు కట్టుబాట్లు ఉండాలి. ఒకటి, ఈ తక్షణ స్వాధీనం ఈమధ్యనే జరిగిన ఆకస్మిక మార్పుకు మాత్రమే. అరవై రోజులు దాటితే కోర్టుకు పోవలసిందే. పోలిక తగాదాలకూ, పాత కక్షలకూ ఇది చెల్లదు. రెండు, అడిగినవాడు తన చిరునామాతో, ధ్రువీకరణతో సంతకం చేయాలి. అబద్ధమని తేలితే అవతలివాడి నష్టం తానే భరించాలి. మూడు, తిరిగి ఇచ్చేది నిన్నటి స్థితి మాత్రమే. తగవు తేలేదాకా ఇద్దరిలో ఎవరూ పేరును అమ్మడానికి వీల్లేదు. దొంగ ముందు ఏడ్చినా, వాడికి చూపించడానికి పాత రసీదులుండవు. ఈ కట్టుబాట్లుంటే నూటికి నూరుపాళ్ళు న్యాయం జరుగుతుందని నేననను. ఇప్పుడున్న అన్యాయం కన్నా మేలు అంటున్నాను.

ఇందులో ఇంకో లాభముంది. అది నాకు అనుభవం మీద తెలిసింది. ముందు స్వాధీనం, తర్వాత విచారణ అన్న వరసలో, ఎవణ్ణీ దొంగ అనవలసిన తొందర ఉండదు. పోయిన సొత్తు కళ్ళ ముందే జారిపోతుంటే మనిషి ఎవడి కాలరైనా పట్టుకుంటాడు. మేం పట్టుకున్నాం. మొదటి రోజు మేం చేయవలసింది, గడువు తేదీ చూడడం. ఆ సమాచారం అందరికీ కనిపించే చోటే ఉంది. ఐదు నిమిషాల పని. ఆ ఐదు నిమిషాలు వెచ్చించకుండా రెండు వందల మెసేజీలు వ్రాసుకున్నాం.

మన ఇంటి సంగతి

ఐకాన్ మన మాట వింటుందో లేదో గాని, మన కాలేజీ, మన యూనియన్ మన మాట వినవచ్చు. ప్రతి సంవత్సరం కొత్త కార్యవర్గం వచ్చినప్పుడు పాతవాళ్ళు యూనియన్ గది తాళం, రబ్బరు స్టాంపు, క్యాష్ పుస్తకం అప్పగించి సంతకం తీసుకుంటారు. ఆ జాబితాలో ఇకనుంచి డొమైన్ పేరు కూడా చేర్చండి. పేరు సంస్థ పేరు మీదే ఉండాలి. ఎంత మంచివాడైనా ఒక వ్యక్తి పేరు మీద వద్దు. అది ఆయనకూ క్షేమం కాదు. ఖాతా తెరిచే మెయిలు కాలేజీది కావాలి, రెండో తాళం ఫోన్ మీద పెట్టాలి, ఆ తాళం ఇద్దరి దగ్గర ఉండాలి. అందులో ఒకరు అధ్యాపకులైతే మరీ మంచిది, ఎందుకంటే మనం మూడేళ్ళకు వెళ్ళిపోతాం, వారు ఉంటారు. మార్పిడి జరగకుండా బిగించే ఏర్పాటు ప్రతి రిజిస్ట్రారు దగ్గరా ఉంటుంది, దాన్ని వేసి ఉంచండి. రసీదులన్నీ ఫైలులో పెట్టండి, రేపు స్వాధీనం నిరూపించేది ఆ కాగితమే. ఏదైనా తేడా కనిపిస్తే ముందు గడువు తేదీ చూడండి, తర్వాత రిజిస్ట్రారుకు వ్రాతపూర్వకంగా తెలపండి, నిజంగా నేరమే అయితే సైబర్ పోలీసు పోర్టల్లో ఫిర్యాదు ఇవ్వండి. గ్రూపులో మాత్రం ఎవరి పేరూ వ్రాయకండి.

ఆ తర్వాత సంఘానికి కొత్త పేరు కొన్నాం, కొత్త సైటు పెట్టాం. పాత పుటలు కొన్ని దొరికాయి, కొన్ని దొరకలేదు. ఫిర్యాదు ముసాయిదా పోలీసుల దాకా పోలేదు. గ్రూపులో నేను క్షమాపణ వ్రాశాను, దానికి అందరూ చేతులు జోడించిన బొమ్మలు పెట్టారు. ఆయన మాత్రం అప్పటికే గ్రూపు విడిచి వెళ్ళిపోయాడు. ఆ ఏడాది సమ్మేళనానికి రాలేదు, ఆ తర్వాత కూడా రాలేదు.

ఈ సావనీరు ప్రతి ఒకటి ఆయనకు పోస్టులో పంపమని సంపాదకులను కోరాను. అన్నా, ఇది చదివితే, వచ్చే ఏడాదైనా రండి.

— ఒక పూర్వ విద్యార్థి